మన యాస తప్పు కాదు – మన అక్షరం తప్పొద్దు

హైదరాబాదు నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకొని మర్రిచెట్ల నీడన వస్తుంటే దారి పొడుగునా బోర్డులు చూడండి. ఒక బోర్డు మీద 'చేవెళ్ల', ఇంకో బోర్డు మీద 'చేవెళ్ళ'. ఒక చోట 'మొయినాబాద్', ఇంకో చోట 'మోయినాబాద్'. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకున్నరు. ఆ బోర్డులు చూసి తెలుగు చచ్చిపోతున్నదని ఎవరూ ఏడ్వలేదు. కానీ మన వాడ పిల్లగాడు ఊరి వాట్సాప్ గ్రూపుల 'మా వాడకు నీల్లు వస్తలెవ్వు' అని రాస్తే మాత్రం అందరికీ భాష మీద ప్రేమ పుట్టుకొస్తది. 'ముందు తెలుగు నేర్చుకో' అని జవాబు వస్తది. నీళ్ళు ఎందుకు వస్తలేవో ఆ జవాబు మాత్రం రాదు.

అక్షరం తప్పు పట్టుకొని అడిగిన మాటను తప్పిస్తున్నరు. మేము ప్రశ్నించేది ఈ ఎత్తునే.

ఫోన్లు వచ్చి భాష చెడిపోయింది, ఒత్తులు పోయినయి, దీర్ఘాలు పోయినయి, వ్యాకరణం మంటగలిసింది అని పెద్దలు బాధపడుతున్నరు. పిల్లలకు అక్షరాలు దిద్దించే పనిలో ఉన్న మాకు ఆ తప్పులు కనబడవా? కనబడుతయి. ఉన్నయి కూడా. కానీ కారణం ఏంది? నిన్నటిదాక రాయనోళ్ళు ఇయ్యాల రాస్తున్నరు, అదీ కారణం. 1991 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చినోళ్ళు నూటికి 44 మంది. దళితుల్లో నూటికి 32 మంది కూడా లేరు. 2011 లెక్కలు వచ్చేసరికి దళితుల్లో ఆ సంఖ్య 62 దాటింది. కూలికి పోయే తల్లి, ఆటో నడిపే తమ్ముడు, కూరగాయల మూట ఎత్తే అన్న ఇయ్యాల ఫోన్ల రాస్తున్నరు. తొలిసారి రాసేటోళ్ళ రాతల తప్పులు ఉంటయి. మన తాతలు ఒక్క తప్పు కూడా రాయలేదు, ఎందుకంటే వాళ్ళను రాయనియ్యలేదు. వేలిముద్రలో అక్షరదోషం ఉండదు గదా! భాష శుద్ధంగా ఉండేదని వీళ్ళు చెప్పుకునే కాలం, మనం వేలిముద్ర వేసిన కాలం.

ఈ ఎగతాళి కొత్తది కాదు. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసిండు. మాలి కులం నుంచి వచ్చిన మనిషి, జనం మాట్లాడే మరాఠీలో బ్రాహ్మణీయాన్ని నిలదీసిండు. పూనాలో విష్ణుశాస్త్రి చిప్లూంకర్ అనే పండితుడు తన 'నిబంధమాల' పత్రికలో ఫూలే మరాఠీకి వ్యాకరణం రాదని ఎద్దేవా చేసిండు. ఇన్నేండ్ల తర్వాత ఏమైంది? మన ఊర్లల్ల ఫూలే విగ్రహాలు ఉన్నయి. ఆ పండితుని పేరు మన ఊర్లల్ల అడిగితే ఎవరూ చెప్పలేరు.

మన తెలుగు కత కూడా ఇంతే. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. బడి పుస్తకాలకు అదే కొలబద్ద అయింది. గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషల రాయాలని కొట్లాడిండు, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పిండు. ఆ పోరాటం గొప్పదే. కానీ చివరికి గెలిచింది ఎవరి వాడుక? 'శిష్ట వ్యావహారికం'. శిష్టులంటే ఎవరో మనకు చెప్పాల్నా? కోస్తా జిల్లాల్లో చదువుకున్న పై కులాల మాట అందరి తెలుగు అయి కూర్చున్నది. మన 'వచ్చిండు', 'పోయిండు', 'చేస్తలేడు' తప్పులైనయి. సినిమాలో మన మాట రౌడీకి, జోకరుకు పోయింది. 2014 నుంచి కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నం. కానీ ఆ ఒక్కనాడు యాసను మొక్కి, తెల్లారి మన పిల్ల 'వస్త' అని రాస్తే ఎర్ర సిరా గీత గీసే బడులు ఇంకా పోలేదు.

అందుకే మొదటి మాట తేల్చి చెప్తున్నం. యాస వేరు, తప్పు వేరు. 'వచ్చిండు' అని రాయడం తప్పు కాదు, అది మన తల్లి మాట. దానికి ఎవ్వరి ముందూ తల దించొద్దు.

కానీ మిత్రులారా, ఇక్కడితో ఆగితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. 'మా భాష మా ఇష్టం, ఎట్ల రాసినా నడుస్తది' అనే మాట వాట్సాపుల నడుస్తది. తహసీల్దారు ఆఫీసుల, పోలీసు ఠాణాల, కోర్టుల నడవదు. అక్కడ ఒక్క అక్షరానికి భూమి పోతది, కేసు పోతది.

మీ పాస్‌బుక్కు తీసి చూడండి. సర్వే నంబరు పక్కన బై వేసి అ, ఆ, ఇ, ఈ అని ఉంటయి. 'అ' ఒకరి చెలక, 'ఆ' ఇంకొకరి చెలక. మధ్యల తేడా ఒక్క దీర్ఘం. చుట్టాలకు రాసే ముచ్చట్లల్ల దీర్ఘం పోతే ఏం కాదు, దరఖాస్తుల పోతే మన జాగ ఇంకొకరి ఖాతాల కనబడుతది. పట్నం పక్కన ఉన్న మొయినాబాద్ భూములకు ఏం ధర పలుకుతదో అందరికీ ఎరుకే. ఇసొంటి చోట దీర్ఘం విలువ ఎంతో మీరే లెక్క కట్టండి.

పేర్ల సంగతి ఇంకా అన్యాయం. 1984లో రద్దయ్యేదాక పటేలు పట్వారీలే కాగితాల మీద రాసేది. ఎల్లయ్యను ఎల్లిగ అని, మల్లయ్యను మల్లిగ అని పిలిచిన నోళ్ళే కలం పట్టుకున్నయి. 2020లో ధరణి వచ్చింది, దాని జాగల 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడే, భూభారతి వచ్చింది. కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది కానీ, ఆధార్ల ఒక పేరు, పాస్‌బుక్కుల ఒక పేరు ఉంటే తిరిగేది మనమే. రాసినోడు ఒకడు, తిరిగేటోడు ఇంకొకడు.

ఇగ ఠాణా సంగతి. 'కొట్టిండు' అంటే ఒక్కడు. 'కొట్టిండ్రు' అంటే పదిమంది. తేడా ఒక్క క్రావడి. పైగా మనకు ఇంకో అలవాటు నేర్పిన్రు. దొర ఒక్కడే కొట్టినా భయంతోటి, మర్యాదతోటి 'దొర కొట్టిండ్రు' అంటం. కాగితం మీద అది ఒక్కడా, గుంపా? అవతలి వకీలు పట్టుకునేది ఇక్కడనే. 'నలుగురిల తిట్టిండు' అంటే కండ్లార చూసిన సాక్ష్యం. 'తిట్టిండంట' అంటే ఎవరో చెప్తే విన్న మాట. ఒక్క 'అంట'తోటి సాక్ష్యం పుకారు అయిపోతది. తిట్టింది ఎవరు, అతని కులమేంది, ఏ మాట అన్నడు, ఏ జాగల, ఏ పొద్దున, ఎవరెవరు చూస్తుండగ అన్నడు – ఇవన్నీ తెల్లగ ఉండాలె. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కులం పేరుతోటి తిట్టడాన్ని నేరమన్నది నిజమే. అయితే అది జనం కంటబడే చోట జరిగిందని కాగితం చెప్పాలె.

ఈ చట్టంలో మనోళ్ళకు చాలామందికి తెలియని ఒక మాట ఉన్నది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ ప్రకారం, మనం నోటితోటి చెప్పిన ఫిర్యాదును ఠాణాధికారి రాసుకుంటే, సంతకం తీసుకునే ముందు దాన్ని మనకు చదివి వినిపించాలె. నకలు కూడా వెంటనే ఇయ్యాలె. ఎస్సీ ఎస్టీ కాని అధికారి కావాలని ఈ పని ఎగ్గొడితే అది శిక్ష పడే నేరం. కాబట్టి 'చదివి వినిపించండి సార్' అని అడగడం బతిమాలుకోవడం కాదు, హక్కు. విన్నప్పుడు క్రావడి ఎక్కడ పడ్డదో, 'అంట' ఎక్కడ చేరిందో చెవి పెట్టి వినండి.

ఫోన్ల రాత గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషు అక్షరాలతోటి తెలుగు కొడితే 'గడి', 'గది' ఒక్క తీరే కనబడుతయి. 'కోట', 'కోత' ఒక్క తీరే కనబడుతయి. దొర గడికి, మన ఇంటి గదికి తేడా తెలియని రాతతోటి ఉద్యమం నడుస్తదా? ఇంగ్లీషు నేర్వద్దని మేము అంటలేము. ఇంగ్లీషు నేర్చుకుందాం, బాగా నేర్చుకుందాం. తెలుగు మాత్రం తెలుగు అక్షరాలల్లనే రాద్దాం. నోటితోటి చెప్తే ఫోనే రాసిపెడుతున్నది, మంచిదే. కానీ పంపే ముందు పేర్లు, నంబర్లు ఒకసారి పైకి చదవండి. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతది.

రాత విలువ ఎంతో చేవెళ్లకు తెలుసు. 2023 ఆగస్టు 26న ఇక్కడి సభలోనే కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది. నోటిమాట అయితే గాలికి పోతుండె. రాసి ఉన్నది గనుక వేలు పెట్టి చూపి అడగొచ్చు. అడిగే మన కాగితం కూడా అంత గట్టిగ ఉండాలె.

అందుకు మేము కోరేది పెద్ద పని కాదు. ప్రతి ఆదివారం పొద్దుమూకినంక అంబేద్కర్ సంఘం దగ్గర ఒక గంట కూర్చుందాం. వాడల ఏ దరఖాస్తు రాసినా అక్కడ పైకి చదివి, నలుగురం విని, తప్పు దిద్ది పంపుదాం. బడి పిల్లలు తల్లులకు రాత చూపాలె, తల్లులు పిల్లలకు మాట చూపాలె. ఇగ మనలో నాలుగు డిగ్రీలు చదివినోళ్ళకు ఒక మాట. మనోని తప్పును గ్రూపుల పది మంది ముందట ఎత్తి చూపి నవ్వకండి. పక్కకు పిలిచి చెప్పండి. అందరి ముందు నవ్వేది చిప్లూంకర్ పని, పక్కన కూర్చొని దిద్దేది సావిత్రీబాయి పని.

జాషువా 1941లో 'గబ్బిలం' రాసిండు. పద్యం మీ సొత్తు అన్నోళ్ళ ఛందస్సులోనే రాసి వాళ్ళ నోళ్ళు మూయించిండు. 1995లో 'చిక్కనవుతున్న పాట' కవులు వచనంలో, తమ గొంతులో రాసిన్రు. రెండూ మన ఆయుధాలే. అంబేద్కర్ 1920లో మొదలుపెట్టిన పక్షపత్రిక పేరు 'మూక్‌నాయక్', అంటే మూగోళ్ళ నాయకుడు. నూరేండ్ల కింద మనకు గొంతు కావాల్సి వచ్చింది. ఇయ్యాల గొంతు ఉన్నది, చేతిల ఫోనూ ఉన్నది. గొంతు మనదే ఉండాలె, అక్షరం సూటిగ ఉండాలె.

జై భీం.