బీరువాలో ఉన్న డిస్కు బ్యాకప్ కాదు

“అన్నీ హార్డ్ డిస్క్‌లో వేసేశాను, ఇక బెంగ లేదు.” ఈ మాట ఇవాళ ఏ ఇంట చూసినా వినపడుతోంది. ఫోన్ నిండిందని కొందరు, లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని కొందరు, పెళ్లి వీడియో చేతికొచ్చిందని మరికొందరు ఒక పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొంటారు. ఉన్నవన్నీ కట్ చేసి అందులో పేస్ట్ చేస్తారు. దాన్ని చిన్న పౌచ్‌లో పెట్టి, బీరువాలో పట్టుచీరల మధ్యనో, పొలం కాగితాల పక్కనో దాస్తారు. బ్యాకప్ అయిపోయిందని చేతులు దులుపుకుంటారు.

అయిపోవడం మాట అటుంచి, అసలు మొదలే కాలేదు. నిన్నటిదాకా ఆ ఫొటోలకు ఒక ప్రతి ఉండేది. ఇవాళా ఒక్క ప్రతే ఉంది. అది ఉండే చోటు మారిందంతే. అదీ చెయ్యి జారితే పోయే అరచేతి పెట్టెలోకి మారింది. హార్డ్ డిస్క్ కొంటే బ్యాకప్ చేసినట్టే అనే నమ్మకం తప్పు. పైగా అది నష్టం తెచ్చే తప్పు. బ్యాకప్ లేదని తెలిసినవాడు కనీసం భయపడుతూ ఉంటాడు. ఉందనుకున్నవాడు లాప్‌టాప్‌లో మిగిలినదాన్ని కూడా నిశ్చింతగా చెరిపేస్తాడు.

ఈ నమ్మకాన్ని పెంచి పోషించింది మన సలహాదారులే. ఎవరిని కదిపినా చర్చంతా ఏ కంపెనీది మంచిది, ఎన్ని టీబీలు కావాలి, హార్డ్ డిస్కా ఎస్‌ఎస్‌డీనా అన్న దగ్గరే తిరుగుతుంది. “ఏది కొనమంటారు?” అని అడిగేవాళ్లే గానీ “ఎన్ని కొనమంటారు?” అని అడిగేవాళ్లు కనపడరు. పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియోకి వెళ్లి చూడండి. “మీ డిస్క్ తెచ్చుకోండి, కాపీ చేసిస్తాం. కొన్నాళ్లయ్యాక మా దగ్గర డేటా ఉండదండీ” అని వాళ్లు ముందే చెప్పేస్తారు. వాళ్ల సిస్టమ్‌లో తర్వాతి పెళ్లికి చోటు కావాలి మరి. వాళ్లు చెరిపేసిన రోజు నుంచి ఆ పెళ్లి మొత్తం, ఆల్బమ్‌కి ఎక్కని ఫొటోలు, ఎడిట్ కాని వీడియోతో సహా, మీ చేతిలోని ఆ ఒక్క డిస్కు మీదే ఆధారపడి ఉంటుంది. ఆల్బమ్ అట్ట ఏ రంగులో ఉండాలో తేల్చడానికి ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ఈ సంగతి మాట్లాడడానికి ఒక్కరూ కూర్చోరు.

“కొత్త డిస్కు, పేరున్న కంపెనీ, రోజూ వాడేది కూడా కాదు. కదలకుండా ఉన్నది ఎందుకు పాడవుతుంది?” అనేది మొదటి వాదన. లక్షల డిస్కులు నడిపే అమెరికా సంస్థ బ్యాక్‌బ్లేజ్, తన దగ్గర ఏటా ఎన్ని చెడిపోతున్నాయో లెక్కలు బయటపెడుతుంది. 2023లో ఆ లెక్క 1.40 శాతం. వందకు ఒకటి రెండేగా అనిపిస్తుంది. కానీ అవి చల్లటి గదుల్లో, ర్యాకుల్లో బిగించిన డిస్కులు. బస్సులో కుదుపులు తినవు, ఎండలో నిలబెట్టిన కారులో వేగవు. పైగా ఒకటి చెడితే ఆ సంస్థ దాన్ని తీసి పక్కన పడేసి కొత్తది బిగిస్తుంది. దాన్లో ఉన్నది తిరిగి కట్టుకోవడానికి కావలసిందంతా మిగతా డిస్కుల్లో ఉంటుంది. లక్షల డిస్కులున్నవాళ్లే ఏ ఒక్కదాన్నీ నమ్మడం లేదు. ఒకే ఒక్కటి ఉన్న మనం మాత్రం దాన్ని గుడ్డిగా నమ్ముతున్నాం.

అసలు దాని మూత కింద ఏముందో చూస్తే ఈ ధీమా సగం చల్లారుతుంది. అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద సమాచారం చదివే హెడ్, పళ్లేన్ని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ పోతుంది. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. డిస్కు ఆగి ఉన్నప్పుడు హెడ్ పళ్లెం మీద నుంచి పక్కకు తప్పుకుంటుంది కాబట్టి చిన్నాచితకా దెబ్బలు తట్టుకుంటుంది. చిక్కంతా తిరుగుతున్నప్పుడే. డిస్కు టేబుల్ అంచున ఉంటుంది, కేబుల్ కిందికి వేలాడుతుంటుంది, పిల్లాడు ఆ దారినే పరుగెత్తుతాడు. పడ్డదాన్ని మళ్లీ తగిలిస్తే టిక్కు టిక్కుమని చప్పుడు. ఆ చప్పుడు విన్నాక చెయ్యాల్సింది ఒక్కటే, వెంటనే తీసి పక్కన పెట్టడం. ఇంకో కేబుల్‌తో, ఇంకో కంప్యూటర్‌తో ప్రయత్నించిన కొద్దీ దెబ్బతిన్న హెడ్ పళ్లేన్ని మరింత గీకుతుంది. డేటా రికవరీ వాళ్లు దాన్ని దుమ్ము చొరని గదిలో విప్పాలి. బిల్లు డిస్కు ధరకు ఎన్నో రెట్లవుతుంది, వస్తుందన్న హామీ మాత్రం ఉండదు. వారంటీ ఉందిగా అంటారా? వారంటీ డిస్కుకి బదులు డిస్కు ఇస్తుంది. దాన్లో ఉన్న అమ్మమ్మ గొంతు ఇవ్వదు.

“అయితే ఎస్‌ఎస్‌డీ కొంటే సరి” అనేది రెండో వాదన. అందులో కదిలే భాగాలు లేవు, కింద పడినా తట్టుకుంటుంది, కాపీ చకచకా అయిపోతుంది. ఇవన్నీ నిజాలే. రోజూ బ్యాగులో వేసుకు తిరిగేవాళ్లకు అదే మేలు. కానీ అది పోవడానికి కింద పడక్కర్లేదు. 2023లో శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ రకం పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు కొన్ని ఉన్నట్టుండి కంప్యూటర్‌కు కనపడకుండా పోయాయి. అప్పట్లో ఆ బ్రాండ్ యజమాని అయిన వెస్టర్న్ డిజిటల్ ఫర్మ్‌వేర్‌ను సవరించి విడుదల చెయ్యాల్సి వచ్చింది. పేరున్న బ్రాండే, ఖరీదైన రకమే, అయినా గండం తప్పలేదు. పైగా ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో దాస్తుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఆ ఆవేశం మెల్లగా తగ్గిపోతుంది. ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ, రాత ఆయుష్షు పూర్తిగా అరిగిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఏడాది పాటు సమాచారాన్ని నిలబెడితే చాలంటుంది. కొత్తది అంతకంటే ఎక్కువ కాలమే నిలబెడుతుంది. అయినా రామగుండం ఎండల్లో పదేళ్లు బీరువాలో పడేసి మరచిపోదగ్గ వస్తువు కాదది.

ఇక వెయ్యికీ రెండు వేలకీ 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అంటూ ఆన్‌లైన్‌లో కనపడేవి పచ్చి మోసం. పైన లోహపు డబ్బా, లోపల చిన్న మెమరీ కార్డు. కంప్యూటర్‌కు 16 టీబీ అని అబద్ధం చెప్పేలా దాని చిప్‌ను మార్చి ఉంచుతారు. ఎక్కించినంతసేపూ ఎక్కుతున్నట్టే ఉంటుంది, ఫైళ్ల పేర్లూ కనపడతాయి, తెరవబోతే లోపల ఏమీ ఉండదు. కొన్న డిస్కు ఏదైనా సరే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో మొదటి రోజే పూర్తిగా నింపి, చదివి చూడండి. 1 టీబీ డిస్కును విండోస్ 931 జీబీగా చూపిస్తే మాత్రం కంగారు పడకండి. కంపెనీ వెయ్యితో లెక్కగడుతుంది, విండోస్ 1,024తో లెక్కగడుతుంది. అందులో మోసమేమీ లేదు.

మూడో వాదన కుర్రకారుది. “క్లౌడ్ ఉండగా ఈ డబ్బాలెందుకు?” అంటారు. క్లౌడ్ మంచిదే, కానీ ఫోన్‌తో పాటు సింక్ అయ్యే క్లౌడ్‌లో, ఫోన్‌లో చెరిపింది అక్కడా చెరుగుతుంది. చెత్తబుట్ట గడువు దాటితే ఇక దొరకదు. షరతులు కూడా మన చేతిలో ఉండవు. గూగుల్ ఫొటోస్ హద్దులేని ఉచిత నిల్వను 2021 జూన్ 1తో ఆపేసి 15 జీబీ లెక్కలోకి తెచ్చింది. పెద్ద సంస్థల దగ్గర ఉంటే చాలనుకునేవాళ్లు దక్షిణ కొరియా వైపు చూడాలి. 2025 సెప్టెంబరులో డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు రేగి, ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టీబీ సమాచారం కాలిపోయింది. దానికి మరోచోట ప్రతి లేదు. క్లౌడ్ అయినా సరే, ఒక్కచోటే ఉంటే ఒక్కచోటే పోతుంది.

డిస్కు చెడడం ఒక్కటే ప్రమాదమైతే బ్రాండ్ చర్చకు కాస్త అర్థం ఉండేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. కింది అంతస్తు ఇంట్లో లాప్‌టాప్, బీరువా కింది అరలో డిస్కు ఉంటే రెండూ ఒకే నీళ్లలో మునుగుతాయి. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్ వచ్చిన సమయానికి డిస్కు తగిలించి ఉంటే దాన్నీ వదలదు. దొంగ సంగతి చెప్పనక్కర్లేదు. లాప్‌టాప్, డిస్కు ఒకే బ్యాగులో పెట్టుకుని రైలెక్కడం రెండో తాళంచెవిని కూడా అదే గుత్తికి తగిలించుకోవడం లాంటిది.

మరి చెయ్యాల్సింది ఏమిటి? అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. మామూలు కుటుంబానికి ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఖరీదైన డిస్కు ఒకటి కొనే బదులు మామూలువి రెండు కొనండి, లాప్‌టాప్‌లో ఉన్నది మూడో ప్రతి. వీలైతే రెండూ ఒకే కంపెనీవి కాకుండా, ఒకే రోజు కొన్నవి కాకుండా చూసుకోండి. ఉన్న సమాచారానికి రెట్టింపు పట్టే సైజు చాలు. బీరువాలో ఉండే ప్రతికి వేగంతో పనిలేదు కాబట్టి పళ్లేల హార్డ్ డిస్కే చవక, అదే సరిపోతుంది. వీటిలో చాలావాటిలో సమాచారపు గీతలు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరిచినట్టుంటాయి. అందుకే పెద్ద కాపీలో కొంతసేపయ్యాక వేగం పడిపోతుంది. చెడిపోయిందని కంగారుపడి మధ్యలో లాగెయ్యకండి. ఇంట్లో మ్యాక్, విండోస్ రెండూ ఉంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యండి. కానీ ఆ పద్ధతిలో, ఎజెక్ట్ చెయ్యకుండా లాగితే ఫైళ్లు దెబ్బతినే అవకాశం ఎక్కువ.

ఒకటి ఇంట్లో ఉంచి, రెండోది వేరే ఊళ్లో ఉంచండి. అన్నయ్య ఇల్లో, అత్తగారి ఊరో, ఎక్కడైనా సరే. పండక్కి వెళ్లినప్పుడు అక్కడిది తెచ్చి, ఇక్కడిది పెట్టి రండి. అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఇంకా సులువు. వాళ్లు వచ్చిపోయే ప్రతిసారీ డిస్కు మార్చుకోవచ్చు, ఇక్కడ వరద వచ్చినా అక్కడి ప్రతికి ఢోకా ఉండదు. డిస్కులో ఆధార్, పాన్, బ్యాంకు కాగితాలు ఉంటాయి కాబట్టి పాస్‌వర్డ్‌తో తాళం వెయ్యండి. ఆ పాస్‌వర్డ్ మీ ఒక్కరికే తెలిసి ఉంటే మాత్రం, మీరు లేని రోజున ఆ డిస్కు మీ ఇంట్లోవాళ్లకు ఉన్నా లేనట్టే. కాగితం మీద రాసి ఇంకొకరికి ఇవ్వండి.

ప్రతి ఉందని తెలిస్తే చాలదు, అది తెరుచుకుంటుందో లేదో తెలియాలి. 1998లో పిక్సర్ స్టూడియోలో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క కమాండ్‌తో ‘టాయ్ స్టోరీ 2’ సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ తీసి చూస్తే అది సరిగా పనిచెయ్యడం లేదని అప్పుడు తెలిసింది. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉండబట్టి సినిమా బతికింది. అంతటి స్టూడియోని కాపాడింది ఖరీదైన యంత్రం కాదు, వేరే ఇంట్లో ఉన్న రెండో ప్రతి. మన చిన్న పత్రికలు, ప్రచురణకర్తలు ఈ కథ రెండుసార్లు చదవాలి. పాతికేళ్ల సంచికలు డీటీపీ ఆపరేటర్ దగ్గర ఒక్క డిస్కులో పేజ్‌మేకర్ ఫైళ్లుగా, అను ఫాంట్లలో పడి ఉంటే, డిస్కు బతికినా ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అక్షరం కనపడదు. పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోకపోతే అది సగం బ్యాకపే.

“ఇంత చాదస్తం మామూలు మనుషులకు అవసరమా?” అనేవాళ్లు ఉంటారు. అన్నిటికీ అవసరం లేదు. డౌన్‌లోడ్ చేసిన సినిమాలు పోతే పోనివ్వండి, మళ్లీ దొరుకుతాయి. మళ్లీ దొరకనివి ఏ ఇంట్లోనైనా కొన్నే ఉంటాయి. పిల్లల ఫొటోలు, పోయినవాళ్ల గొంతులు, రాసుకున్న రాతలు, దస్తావేజుల స్కాన్లు. ఈ చాదస్తమంతా ఆ కొన్నిటి కోసమే.

కాబట్టి ఏ డిస్కు మంచిదని ఎవరినైనా అడగబోయే ముందు రెండు ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి. నా దగ్గర ఎన్ని ప్రతులున్నాయి? అవి ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? రెంటికీ జవాబు ‘ఒకటి’ అయితే, మీరు కొన్నది ఎంత గొప్ప డిస్కయినా మీకు బ్యాకప్ లేదు. ఈ ఆదివారమే రెండోది కొనండి. కాపీ చేసి, పది ఫైళ్లు తెరిచి చూసి, దాన్ని ఇల్లు దాటించండి.