కీళ్ళ సీసాలు, విభక్తి ప్రత్యయాలు

ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాడికి ఏ కాగితం చేతికి వచ్చినా మొదట క్రియాపదమే కంటబడుతుంది. పరుగు అలవాటున్న వారికోసమని అమ్ముతున్న "కీళ్ళ పోషకాల" సీసాలు కొన్నింటిని ముందుంచుకొని, వాటిమీది రాతను మొన్న శ్రద్ధగా చదివాను. ఆంగ్లంలో ఉన్నవాటిని తెలుగు చేసుకొని మరీ చూశాను. "కీళ్ళ ఆరోగ్యానికి తోడ్పడును", "మృదులాస్థి పోషణకు సహకరించును" - అన్నీ ఈ వరుసే. "నొప్పిని తగ్గించును" అన్న వాక్యం ఒక్క సీసామీదా లేదు. ద్వితీయా విభక్తి వాడితే కర్మ ఒకటి ఏర్పడుతుంది. ఆ కర్మకు కర్త జవాబుదారీ అవుతాడు. కి, కు ప్రత్యయాలతో ఆ చిక్కు లేదు. తోడ్పడినా తోడ్పడకపోయినా అడిగే నాథుడు లేడు.

ఇది భాషాదారిద్ర్యం కాదు, చట్టపరిజ్ఞానం. వాతరోగాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి ఔషధ, ఇంద్రజాల చికిత్సల చట్టం నిషేధించింది. 2016 నాటి ఆహార భద్రతా నియమాల ప్రకారం ఇటువంటి పోషకాల మీద "ఔషధ వినియోగానికి కాదు" అని రాసి తీరాలి. రాస్తున్నారు కూడా, వెనుకవైపు, చీమ తలకాయంత అక్షరాలలో. ముందువైపు మాత్రం కొండెక్కుతున్న యువకుడి బొమ్మ. అమ్మేవాడికి చట్టం బాగా తెలుసు. కొనేవాడికి వ్యాకరణమైనా తెలియవద్దా?

ఇప్పుడీ గొడవ ఎందుకంటారా? ఒకప్పుడు యతిప్రాసల గురించి నాతో హోరాహోరీగా వాదించిన బ్లాగ్మిత్రులు ఇప్పుడు మోకాళ్ళ గురించి జాబులు రాస్తున్నారు. నడివయస్సు వచ్చింది, వైద్యులు బరువు తగ్గమన్నారు, పరుగు మొదలుపెట్టారు. ఆగస్టులో నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా సాగే హైదరాబాదు మారథాన్ కోసం వంతెనలెక్కి దిగుతున్నారు. సంతోషమే. కానీ అందులో ఒకరు ఈ సీసాలకు నెలకు రెండువేల ఐదువందలు పెడుతున్నానని, నన్నూ వాడమని రాశారు. ఆయనకు ఉత్తరంలో చెప్పవలసినది అందరికీ చెబుదామని ఈ టపా.

సీసాలలో అగ్రతాంబూలం గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్ అనే జంటది. అమెరికా ప్రభుత్వ ధనంతో 1583 మంది మోకాలి రోగులపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. ఆరునెలల పాటు కొందరికి ఈ మందులు, కొందరికి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. రెండూ కలిపి మింగినవారిలో 66.6 శాతం మందికి నొప్పి తగ్గింది. ఉత్తుత్తి మాత్రలవారిలో 60.1 శాతం మందికి తగ్గింది. ఆ తేడా లెక్కకు రాదని పరిశోధకులే తేల్చారు. నొప్పి తీవ్రంగా ఉన్న ఒక చిన్న వర్గంలో కొంత మేలు కనబడిన మాట నిజమే, దాచను. కానీ 2010లో పది పరీక్షలను, 3803 మంది రోగులను కలిపి చూసినప్పుడు చెప్పుకోదగ్గ ప్రయోజనం తేలలేదు. 2019లో అమెరికా కీళ్ళవైద్యుల సంఘం మోకాలి అరుగుదలకు గ్లూకోజమైన్ వాడవద్దని గట్టిగానే చెప్పింది.

"నాకు తగ్గింది కదండీ" అంటారు మిత్రులు. తగ్గే ఉంటుంది. ఉత్తుత్తి మాత్ర మింగిన నూటికి అరవైమంది కూడా ఆ మాటే అన్నారు.

పైగా ఆ పరీక్షలన్నీ కీళ్ళరిగిన రోగుల మీద జరిగినవి. వారానికి నాలుగు రోజులు పరుగెత్తే నలభై ఐదేళ్ళ మనిషికి మోకాలిచిప్ప చుట్టూ పుట్టే నొప్పి చాలాసార్లు అరుగుదలే కాదు. మృదులాస్థికి నాడులు లేవు. అది నొప్పి చెప్పలేదు. ఆ మొర పెట్టుకునేవి స్నాయువులు, ఎముక, కీలు లోపలి పొర. మృదులాస్థికి పోషకం పోస్తే వాటి మొర ఆలకించినట్లవుతుందా? ఇక కొల్లాజెన్ సంగతి. దానికి ఆధారంగా చూపే 2017 నాటి అధ్యయనం ఒకదానిలో పాల్గొన్నది ఎనిమిదిమంది యువకులు! కొలిచింది నొప్పిని కాదు, రక్తంలోని ఒక సూచికను.

మరొక ముచ్చట. గ్లూకోజమైన్ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. కొల్లాజెన్ పశువుల చర్మం నుంచి, చేపల పొలుసు నుంచి వస్తుంది. ఉల్లిపాయ సైతం ముట్టని ఆచారపరులు ఉదయాన్నే ఆచమనం చేసినంత భక్తితో ఈ గుళికలు మింగుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆచారం వారి ఇష్టం. కనీసం సీసామీది చుక్క ఆకుపచ్చదో కాదో చూసుకోమంటున్నాను. రొయ్యలు పడనివారు అసలే జాగ్రత్తగా ఉండాలి.

"పండితులై ఉండి మన ఆయుర్వేదాన్ని కాదంటారా" అనే ఆక్షేపణ తప్పక వస్తుంది. పసుపు గాయం మాన్పుతుందన్న మేధోహక్కును అమెరికాలో 1995లో ఎవరో పొందితే, మన శాస్త్రీయ పరిశోధనా మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. అందుకు నేనూ గర్వపడ్డాను. కానీ పప్పులో పసుపు వేరు, సారం పిండి మాత్ర చేసిన పసుపు వేరు. కర్కుమిన్ ఒంటికి పట్టడం బహుకష్టం. మిరియాల సారం చేరిస్తే అనేక రెట్లు పడుతుందని 1998లో బెంగుళూరు పరిశోధకులే చూపారు. ఆ మార్గాన్నే మాత్రలవాళ్ళు అందిపుచ్చుకున్నారు. ఆ మాత్రలతో కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలను 2022లో అమెరికా వైద్యులు ప్రకటించారు. నల్లేరు పచ్చడి రుచిగా ఉంటుంది, తినండి. వావిలాకు వేసి కాచిన నీళ్ళు హాయినిస్తాయి, పోసుకోండి. అమృతాంజనం రాసుకోండి, కాశీనాథుని వారు ఆ డబ్బాతో వచ్చిన సొమ్మును ఆంధ్రపత్రికకు, భారతికి ధారపోశారు కనుక తెలుగువాడిగా దానికి నేను సగౌరవంగా రుణపడి ఉన్నాను. వీటిలో ఏదీ నెలకు రెండువేల ఐదువందలు అడగదు.

ఆయుర్వేదం పేరు చెప్పేవారు వాగ్భటుడు వ్యాయామం గురించి ఏమన్నాడో మాత్రం చెప్పరు. బలవంతుడైనా సగం శక్తితోనే వ్యాయామం చేయాలన్నాడాయన. ఊపిరి నోటితో తీయవలసి వస్తే సగం బలం ఖర్చయినట్లని సుశ్రుతం గుర్తు చెప్పింది. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే చాలునని నేటి శిక్షకులు చెప్పేదీ దాదాపు ఇదే. ఆ సూత్రాన్ని సీసాలో నింపి అమ్మడం కుదరదు. అందుకే దానికి ప్రకటనలు లేవు.

సీసాలది ధననష్టం. అంతకు మించిన ప్రమాదాలు రెండున్నాయి. పరుగుకు ముందే నొప్పిమాత్ర వేసుకోవడం మొదటిది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో సుదూరపు పరుగులో ఐబుప్రోఫెన్ వేసుకున్నవారిలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రవారిలో 34 శాతం మందికి మూత్రపిండాల పనితీరు తాత్కాలికంగా దెబ్బతిన్నది. (డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని మన రాబందులు చచ్చిందీ మూత్రపిండాలు చెడే. 2006లో పశువులకు దానిని నిషేధించారు. జటాయువు సంతతికి పట్టిన గతి మనకొద్దు.) పేరులేని పొట్లాల "మూలికా చూర్ణం" రెండవది. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒక ఊరి పొడి వాడి వారంలో పరుగెత్తసాగారు. మూడునెలలకు ముఖం ఉబ్బింది, చక్కెర పెరిగింది. అది స్టెరాయిడ్ లక్షణమని వైద్యుడు చూడగానే అన్నాడు. ఇటువంటి కల్తీ మన పల్లెలకే పరిమితం కాదు: 2022లో అమెరికాలో "సహజ" కీళ్ళ మాత్రలలో పైకి చెప్పని డైక్లోఫెనాక్, డెక్సామిథసోన్ దొరికాయి.

పరుగే మోకాళ్ళను తినేస్తుందన్న బెదిరింపు కూడా ఈ వ్యాపారానికి పెట్టుబడే. 2017 నాటి ఒక సమీక్షలో ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి, కూర్చునేవారిలో 10.2 శాతం మందికి కీళ్ళరుగుదల కనిపించింది; పోటీలకు పరుగెత్తేవారిలో 13.3 శాతం. నొప్పి వస్తే చేయవలసినవి చప్పనివి: దూరం తగ్గించడం, తొడ, తుంటి కండరాలకు బలమివ్వడం, అంగ కురచ చేసి నిమిషానికి అడుగులు కొన్ని పెంచడం, బరువు తగ్గడం. ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు. కీలు వాచినా, మడత పడి బిగుసుకున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

సీసా వల్లనే తగ్గిందనే మిత్రులు వ్యాఖ్య రాసేముందు ఈ సంగతులు గుర్తు తెచ్చుకొని రాయండి. సీసా మొదలుపెట్టిన నెలలో పరుగు కొన్నాళ్ళు మానారా? బూట్లు మార్చారా? సీసా ఆపి ఎప్పుడైనా చూశారా?