పట్టాకన్నా పట్టు ముఖ్యం

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మళ్లీ చైనాను దాటి భారత్ మొదటి స్థానానికి చేరింది ఆ ఏడాదే. వారిలో 1.96 లక్షల మందికి పైగా పీజీ, పరిశోధన స్థాయి విద్యార్థులు. ఈ ప్రవాహంలో తెలుగు రాష్ట్రాల వాటా పెద్దది. బీటెక్ చివరి ఏడాదిలో ఎంఎస్ మాట రాని ఇల్లు అరుదు. కుటుంబం ఆస్తినంతా పణంగా పెట్టే ఈ నిర్ణయానికి మొదటి కొలమానం ఒక్కటే కావాలి: ఆ రెండేళ్లలో విద్యార్థి ఏం నేర్చుకుంటారు? వీసా, జీతం ఆ తర్వాతి లెక్కలు.

అమెరికా ఎంఎస్ సాధారణంగా 30 క్రెడిట్ల చదువు. సెమిస్టరుకు మూడు సబ్జెక్టులంటే తేలికే అనిపిస్తుంది. కానీ వారం వారం అసైన్‌మెంట్లు, ప్రాజెక్టులు, చదివి రావలసిన పరిశోధన పత్రాలు ఊపిరి తీసుకోనివ్వవు. పరీక్ష ముందు రాత్రి ముఖ్యమైన ప్రశ్నలు బట్టీపట్టి గట్టెక్కే విద్య అక్కడ చెల్లదు. పక్కవారి ప్రోగ్రాం ఎత్తి రాసినా, మూలం చెప్పకుండా ఒక పేరా వాడుకున్నా సున్నా మార్కుల నుంచి బహిష్కరణ దాకా శిక్ష పడుతుంది. అర్థం కాని విషయాన్ని ప్రొఫెసర్ గదికి వెళ్లి నిస్సంకోచంగా అడగడం, ఆయన చెప్పినదానితో ఏకీభవించకపోతే కారణం చూపి వాదించడం అక్కడ అమర్యాద కాదు. థీసిస్ ఎంచుకున్నవారికి మరో మేలు ఉంది. ప్రయోగం విఫలమైతే ఎందుకు విఫలమైందో నిజాయతీగా రాయడం అలవడుతుంది. ఇంజినీరును తయారుచేసేవి ఈ అలవాట్లే.

వ్యక్తిత్వం మారేది తరగతి బయట కూడా. వంట, అద్దె, బీమా, బడ్జెట్ అన్నీ సొంతంగా చూసుకోవాలి. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. ఇంట్లో తిన్న కంచం తీయని యువకుడు యూనివర్సిటీ భోజనశాలలో వందల పళ్లేలు కడిగినప్పుడు శ్రమ విలువ చేతులకే తెలుస్తుంది. అయితే గదిలోనూ, ప్రాజెక్టు జట్టులోనూ, వారాంతాల్లోనూ మనవాళ్ల మధ్యే గడిపేవారు ఈ ఎదుగుదలలో సగం పోగొట్టుకుంటారు. ఇతర దేశాలవారితో కలిసి పనిచేయడం విదేశీ చదువులో ప్రధాన పాఠం.

కెరీర్‌పై ఈ చదువు ప్రభావానికి తెలుగునేలే సాక్ష్యం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఆస్ట్రేలియాలో ఎంటెక్, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. హైదరాబాద్ నుంచి మైక్రోసాఫ్ట్ సారథ్యానికి ఎదిగిన సత్య నాదెళ్ల విస్కాన్సిన్-మిల్వాకీలో, అడోబీ సారథ్యానికి ఎదిగిన శంతను నారాయణ్ బౌలింగ్ గ్రీన్‌లో ఎంఎస్ చేశారు. ఆ రెండూ ర్యాంకుల జాబితాల్లో ముందు వరుస విశ్వవిద్యాలయాలు కావు. క్యాంపస్ పేరు కన్నా అక్కడ పట్టుబడిన విద్యే వారిని నిలబెట్టింది.

నేటి దారి అంత సాఫీగా లేదు. ఇంజినీరింగ్ పట్టాదారులకు చదువయ్యాక ఓపీటీ అనే పని శిక్షణ ఏర్పాటు కింద 12 నెలలు, పొడిగింపుతో మరో 24 నెలలు పని అనుమతి ఉంటుంది. మొదటి 12 నెలల్లో 90 రోజులకు మించి నిరుద్యోగిగా ఉండకూడదు. హెచ్-1బీ ఉద్యోగ వీసాలు ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. దరఖాస్తులు అంతకన్నా చాలా ఎక్కువ. కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము అంటూ 2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన ఎన్ని ఇళ్లలో నిద్ర లేకుండా చేసిందో తెలిసిందే. ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా అప్పు చేసి వెళ్లేవారు తమ భవిష్యత్తును పరాయి ప్రభుత్వ విధానానికి తాకట్టు పెడుతున్నారు.

ఈ ఆత్రుతే మోసాలకు పెట్టుబడి. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాల ఉదంతాల్లో తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చిక్కుకున్నారు. ఫార్మింగ్టన్‌లో తరగతులే లేవు. అది అమెరికా అధికారులు వల పన్నడానికి పెట్టిన బూటకపు విశ్వవిద్యాలయం. లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చడం, ఇంటర్వ్యూలో మరొకరిని కూర్చోబెట్టడం కూడా ఆ కోవలోవే. ఇవి వ్యక్తి కెరీర్‌ను చెరిపేయడంతో ఆగవు, వెనక వచ్చే తెలుగు విద్యార్థులందరినీ అనుమానితులను చేస్తాయి. ఇందులో రాజీకి తావు లేదు.

దిద్దుబాటు ఇక్కడే మొదలు కావాలి. డబ్బిచ్చి కొనుక్కున్న చివరి ఏడాది ప్రాజెక్టును అంగీకరించే కళాశాల తన విద్యార్థిని విదేశంలో ఓటమికే సిద్ధం చేస్తోంది. అడ్మిషన్ల కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషన్, రుసుముల వెల్లడి, తప్పుడు హామీలకు శిక్ష తప్పనిసరి చేస్తూ రెండు రాష్ట్రాలూ చట్టం తేవాలి. తెలంగాణలో విదేశీ విద్యానిధి కింద రూ.20 లక్షల వరకు సాయం అందుతోంది. ఇలాంటి ప్రజాధనం మంచి కోర్సుకే చేరేలా చూడాలి. దారి అమెరికా ఒక్కటే కాదని కూడా విద్యార్థులకు చెప్పాలి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు బోధన రుసుము లేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువుంది. జర్మన్ భాష నేర్చుకునే ఓపిక మాత్రం ఉండాలి.

అప్పు పత్రంపై సంతకానికి ముందు ప్రతి తల్లీ తండ్రీ బిడ్డను ఒక్క ప్రశ్న అడగాలి: హెచ్-1బీ రాక తిరిగి రావలసి వస్తే, ఈ చదువు నిన్ను హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మంచి ఇంజినీరుగా నిలబెడుతుందా? సిలబస్ చూసి, ప్రొఫెసర్ల పని చదివి అవునని చెప్పగలిగినవారు నిశ్చింతగా వెళ్లాలి. చెప్పలేనివారు ఒకటి రెండేళ్లు ఇక్కడే పనిచేసి, ఏం నేర్చుకోవాలో తేల్చుకున్నాకే విమానం ఎక్కాలి.