మొగ్గు చూపే ప్రశ్న పేదల పక్షం కాదు

పేదల బతుకు మీద చేసే సర్వేలో ప్రశ్న కొంచెం వాళ్ల వైపు మొగ్గితే తప్పేమిటని కొందరు వాదిస్తున్నారు. మాటలు ఎట్లా ఉన్నా రెండు వందల మందిని అడిగితే నిజం తేలుతుందని ఇంకొందరు అంటున్నారు. ఈ రెండు వాదనలూ తప్పే. డిగ్రీ విద్యార్థులు జిజ్ఞాస లాంటి స్టడీ ప్రాజెక్టుల కోసం ఊళ్లకు వెళ్తున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

రెండో వాదన 1941లోనే కూలిపోయింది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని అమెరికన్లను అడిగితే 62 శాతం వద్దన్నారు. నిషేధించాలా అని అడిగితే అవునన్నది 46 శాతమే. పరిశోధకుడు డొనాల్డ్ రగ్ ప్రకటించిన ఫలితమిది. ఎంతమందిని అడిగినా మాట తెచ్చిన ఈ తేడా పోదు.

ఇక విద్యార్థులు సర్వేకు వెళ్లే ఊళ్లకు ఉదాహరణగా తెలంగాణలోని వీర్నపల్లికి వద్దాం. చుట్టూ తండాలు, ఇంటింటా బీడీలు, గల్ఫ్ వలసలు ఉన్న ప్రాంతమిది. 'గల్ఫ్‌లో మోసపోయిన మీవాళ్లకు అప్పెంత?' అని అడిగితే మోసం జరిగిందని విద్యార్థే తీర్పు చెప్పేసినట్టు. 'బీడీ పనితో ఆరోగ్యం, ఆదాయం దెబ్బతిన్నాయా?' అని అడిగితే, దగ్గు ఉన్నా ఆ కూలితోనే ఇల్లు నడుపుకుంటున్న ఆమె అవుననాలా, కాదనాలా? వార్షిక ఆదాయం అడగడం మరీ అన్యాయం. బీడీ కూలి వెయ్యికింత అని లెక్క, ఆకు, తంబాకు ఇచ్చిన రోజే పని. 'అక్కా, పోయిన వారం ఎన్ని రోజులు ఆకిచ్చిండ్రు? ఎన్ని వేల బీడీలు చేసిండ్రు?' అని అడగండి, ఆమె తడుముకోకుండా చెబుతుంది. తండాలో తెలుగు ప్రశ్నను అప్పటికప్పుడు లంబాడీలోకి మార్చి చెబితే ఇంటికో ప్రశ్న అవుతుంది. ఆ మాటలను తెలుగు లిపిలో ముందే రాసుకుని అందరూ ఒకేలా చదవాలి.

భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, పేరు ఎక్కకపోతే రేషన్, పింఛను పోతాయేమోనని బొంబాయి, భివండీల నుంచి జనం బస్సులు, రైళ్లు పట్టుకుని సొంతూళ్లకు పరుగెత్తుకొచ్చారు. ఎంపీ దత్తత తీసుకున్న ఊరు వీర్నపల్లి. అక్కడ కాగితంతో వచ్చినవాళ్లను చూస్తే ఏదో పథకం గుర్తుకు రావడం సహజం. 'మేం ప్రభుత్వం తరఫున రాలేదు, మీ జవాబుతో ఏదీ రాదు, ఏదీ పోదు' అని మొదటే చెప్పకపోతే వినబడేది ఆశో భయమో అవుతుంది.

మొదటి వాదనకు నా జవాబు ఇదే: మొగ్గిన ప్రశ్నతో తెచ్చిన నివేదికను కాదనడానికి అధికారికి ఆ ప్రశ్న చదివితే చాలు. అప్పుడు బీడీలు చుట్టే అక్క చెప్పిన నిజం కూడా చెత్తబుట్టలో పడుతుంది. ఆమె మాటను మనమే చెల్లకుండా చేసినట్టవుతుంది.

అందుకే అధ్యాపకులను ఒకటే కోరుతున్నాను. ప్రశ్నపత్రాన్ని ముందు పదిమందికి చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకుని, తేడా వచ్చిన ప్రశ్నలను తిరగరాయించే దాకా దాని మీద సంతకం పెట్టకండి.