గల్లా పెట్టె ఏది సార్?

మ్యూజియం డైరెక్టర్ గారికి,

పాత బజారు ఫొటోల గదిలోకి ఇకమీదట బడిపిల్లల్ని పంపబోమని మీ ఆఫీసు నుంచి పోయిన వారం కాగితం వచ్చింది. చిన్నపిల్లలకు అవి అర్థం కావట. బదులుగా కింది అంతస్తులో ప్లాస్టిక్ కూరగాయలతో బొమ్మల సూపర్‌బజార్ పెట్టారు, కార్డు గీకే మిషనుతో సహా. సంతోషం. కానీ అర్థం కావని తేల్చిందెవరండీ? మూడో తరగతి పిల్లలతో ఒక్క పూటైనా ఆ గదిలో నిలబడ్డారా?

మా పిల్లలకు డబ్బంటే కొట్టు ముందు స్పీకరు డబ్బా అరిచే అంకె. పత్తర్‌గట్టి దుకాణం ఫొటో చూడగానే వాళ్లడిగేది గల్లా పెట్టె ఏదని. వెతుకుతారు. షావుకారు మోకాలి పక్కన, గుడ్డ కింద చెక్కపెట్టె మూల దొరుకుతుంది. ఆ తర్వాత ధరల బోర్డు లేదేమని ఒకరు, తరాజులో ఒక పళ్లెం ఎందుకు దిగిందని ఇంకొకరు. ధర రాసి లేకుంటే బేరమాడాలి, బేరానికి లెక్క రావాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు అని చెప్పి వదిలేస్తే అర్ధరూపాయికి 96 పైలని వాళ్లే తేలుస్తారు. నిజాం హాలీ రూపాయి మీద చార్మినార్ ఉండేదని, 7 హాలీ రూపాయలిస్తే 6 ఇండియా రూపాయలే వచ్చేవని చెబితే, 'మరి ఇండియా రూపాయి నడిచే బెజవాడలో రైలు దిగినోళ్లు మోసపోయేవాళ్లా?' అని ఒక పిల్ల అడిగింది. మీ మిషను ఆ ప్రశ్న పుట్టిస్తుందా? మీ బొమ్మల కొట్టులో ఉద్దెర ఇస్తారా? చిల్లర లేదంటారా? తూకంలో మోసం జరుగుతుందా?

పాతవి తవ్వను. ఫొటోల కింద రాతలన్నీ ఇంగ్లీషే, ఏ సంవత్సరంలో తీసినవో ఉండదు, పటాలు పెద్దవాళ్ల ఎత్తులో వేలాడతాయి. వీటి మీద ఎన్ని అర్జీలు పెట్టామో మీ ఫైళ్లకు తెలుసు. లాలా దీన్‌దయాళ్ తీసిన నవాబుల విందులు, దర్బారుల గది మాత్రం తెరిచే ఉంచారు. తాళం పడింది కిరాణా కొట్టుకే. దర్బారు పిల్లలకు అర్థమవుతుంది, ఉప్పూ పప్పూ అర్థం కావా?

ఈ సంగతి మరోసారి చూడండి. ఎలా వీలైతే అలా. అద్దాల మీద చేతి మరకలు పడతాయన్నదే అసలు బాధైతే ఆ మాటే రాయండి, తుడిచే గుడ్డ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక సర్కారు బడి సార్