పక్క క్లినిక్ ధరలే పోటీ లెక్కా?

వినికిడి క్లినిక్ నడిపేవారికి అందరూ ఇచ్చే సలహా ఒకటే. చుట్టుపక్కల ఎన్ని క్లినిక్‌లున్నాయో చూడండి, ఎవరు ఏ మిషన్ ఎంతకిస్తున్నారో కనుక్కోండి, ఓ వెయ్యి తగ్గించి బోర్డు పెట్టండి. విజయవాడ సూర్యారావుపేటలాంటి చోట ఈ లెక్క ఒక్క పూటలో తేలిపోతుంది. అయితే అది అమ్మేవాళ్ల లెక్క. వినపడనివాళ్లు అందులో ఎక్కడా లేరు.

ప్రపంచం మొత్తం మీద వినికిడి మిషన్‌తో మేలు పొందగలిగినవారిలో దాన్ని వాడుతున్నది దాదాపు 17 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది. మిగతావాళ్లను పక్కవీధి క్లినిక్ ఎత్తుకుపోలేదు. ‘ఈ వయసులో ఎందుకులే’ అనే ఇంటివాళ్లు ఆపారు. తిరువూరు నుంచి బస్సెక్కించి తీసుకొచ్చే మనిషి లేక కొందరు ఆగిపోయారు. చెవి పరీక్ష లేకుండా ఆన్‌లైన్‌లో కొన్న చవక పరికరం అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచేస్తే, విసిగి మానుకున్నవాళ్లు ఇంకొందరు.

ధర తెలుసుకోవద్దని కాదు, పేషెంట్ అడుగుతాడు కదా. కానీ ధరల పట్టికలో అసలు పని కనపడదు. పరీక్ష బయటి శబ్దం చొరబడని గదిలో చేశారా? చెవిలో సన్నని గొట్టం పెట్టి, కర్ణభేరి దగ్గరికి ఎంత శబ్దం చేరుతోందో కొలిచారా? చెవిలో అమర్చే మోల్డ్ సరిపోక మిషన్ కుయ్‌మంటే మళ్లీ చేసిచ్చారా? పెద్ద సంస్థలు టోకున కొంటాయి. ఒంటరి క్లినిక్ ఆ ధరకు దిగితే అద్దె తగ్గదు, జీతాలు తగ్గవు, ఫిట్టింగ్‌కు ఇచ్చే సమయమే తగ్గుతుంది. ఫిట్టింగ్ సరిగా కుదరని పెద్దాయన ఇంటికెళ్లి, గిన్నెల చప్పుడు భరించలేక మిషన్ తీసి బీరువాలో పెడతాడు. ‘అవేం పనిచెయ్యవు’ అని ఊళ్లో పదిమందికి చెబుతాడు. ఆ నష్టం అన్ని క్లినిక్‌లదీ.

పక్కవాళ్లు డాక్టర్లకు ఎంత కమీషన్ ఇస్తున్నారో ఆరా తీయడాన్ని కూడా కొందరు మార్కెట్ అధ్యయనం అంటున్నారు. పేషెంట్‌ను పంపినందుకు డాక్టర్ కమీషన్ తీసుకోకూడదని వైద్య మండలి 2002 నియమావళి స్పష్టంగా చెప్పింది. ఆ సొమ్ము వచ్చేది పేషెంట్ జేబులోంచే. దాన్ని పోటీ అనడం సిగ్గుచేటు.

కనుక్కోవలసినవి వేరే ఉన్నాయి. పసిపిల్లలకు బెరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను బట్టి వినికిడిని కొలిచేది) ఎవరు చేస్తున్నారు? మంచం దిగలేని మామ్మగారి ఇంటికి ఎవరు వెళ్తున్నారు? దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం శిబిరంలో ఉచితంగా మిషన్ అందుకున్నవాళ్లకు ఆ తర్వాత సెట్టింగ్ ఎవరు సరిచేస్తున్నారు?

అన్నిటికన్నా ముందు, పోయినేడాది మన దగ్గర కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి, మిషన్‌తో ఓసారి రమ్మనాలి. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నారో ఇప్పటి డిజిటల్ మిషన్లు చాలావరకు తమలోనే నమోదు చేసుకుంటాయి. కంప్యూటర్‌కు కలిపితే తెర మీద కనిపిస్తుంది. రోజుకు గంట కూడా వాడనివాళ్లకు పైసా తీసుకోకుండా సెట్టింగ్ సరిచేయాలి.