యెరికో ఊట, మన వీధి కుళాయి

యెరికో పట్టణస్థులు ఎలీషా ప్రవక్తకు చెప్పుకున్న బాధ చాలా మామూలుది. ఉండటానికి చోటు బాగానే ఉంది గాని తాగే నీటితోనే చిక్కొచ్చిందన్నారు (2 రాజులు 2:19-22). ప్రవక్త ఇంటింటికీ తిరిగి కుండల్లో ఉప్పు వేయలేదు, నేరుగా ఊట దగ్గరికే వెళ్లాడు. మన రాష్ట్రంలో ఏటా వస్తున్న అతిసారం వార్తలు చదువుతుంటే ఆ ఒక్క వివరమే మనకు పదే పదే గుర్తొస్తుంది.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో మంచినీటి గొట్టాల్లోకి మురుగు చేరి ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల వంతు వచ్చింది. 2025 సెప్టెంబరులో విజయవాడ న్యూ రాజరాజేశ్వరిపేటలో వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. గుర్లలో చనిపోయినవారు ఎందరన్న దానిపై అధికారులొక లెక్క, పార్టీలొక లెక్క చెప్పుకొని వాదులాడుకున్నారు. శవం లేచిన ఇంటివారికి ఆ వాదన ఎంత వినసొంపుగా ఉండి ఉంటుందో!

అయితే పేపర్లో పడేది కొండలో గోరంత. రోజుకు మూడు లేదా అంతకు మించి నీళ్ల విరేచనాలైతే దాన్ని డయేరియా అంటారు. పద్నాలుగు రోజుల్లోపు తగ్గేది అక్యూట్ డయేరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా పిల్లల్లో దాదాపు 170 కోట్లసార్లు ఇది వస్తోంది, అయిదేళ్లలోపువారే సుమారు 4 లక్షల 44 వేలమంది చనిపోతున్నారు. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అడిగిన రోజుకు ముందు రెండు వారాల్లో విరేచనాలైన అయిదేళ్లలోపు పిల్లలు నూటికి 7.3 మంది. అంతకుముందు 2015-16 సర్వేలో 9.2. తగ్గింది, నిజమే. కానీ పధ్నాలుగు మంది పిల్లలున్న సండేస్కూలు తరగతిలో ఎప్పుడు చూసినా ఒకరు ఆ పక్షంలో పడి లేచినవారేనన్నమాట. ఏ విలేకరీ రాని ఇళ్లల్లో జరిగేదిదే.

ఎందుకు వస్తుందంటే 'శుభ్రత లేక' అనేస్తాం. అది సగం మాటే. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే ఊళ్లలో సరఫరా ఆగగానే గొట్టం ఖాళీ అవుతుంది. ఎక్కడో చిన్న పగులుంటే చాలు, పక్కనే పారే మురుగు కాలువను అది లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు కుళాయి తిప్పగానే ముందొచ్చే బిందెలో ఉన్నది అదే. ఆ బిందె ఎవరిది? లైను చివర, కాలువ అంచున ఇల్లు కట్టుకున్న కూలివాళ్లది. వాళ్లు చేతులెంత కడుక్కున్నా ఏ నీళ్లతో కడుక్కోవాలి?

మన శ్రీకాళహస్తి సంగతే చూడండి. స్వర్ణముఖి ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేట. ఈశాన్య రుతుపవనాలు పట్టాయంటే 2021 నవంబరులోలా ఒక్కసారిగా పొంగుతుంది. ఎండలకు నీళ్లు చాలక దొరికినవి తాగటం, వరదకు మురుగూ మంచినీరూ ఏకం కావటం, రెండూ మనకు తెలిసినవే. శివరాత్రికి ఊరిమీద పడే జనం సరేసరి. ఇక రోటావైరస్ చలికాలంలోనే ఎక్కువగా పసిపిల్లల్ని పట్టుకుంటుంది, అంటే ఏ కాలమూ దీనికి సెలవు కాదు. పోషణ లేని బిడ్డకు విరేచనాలు త్వరగా వస్తాయి, విరేచనాలైన బిడ్డ ఇంకా చిక్కిపోతుంది. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే పట్టిస్తే ఆ చక్రం చాలావరకు తిరగకుండా ఆగుతుంది.

ఊట దగ్గరికి వెళ్లటమంటే ఏమిటో 1854లో లండన్‌లో ఒక యువ పాదిరి చూపించాడు. సోహోలో కలరా చెలరేగితే బ్రాడ్ వీధి పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో అన్నాడు. ఆ వీధులు తిరిగే హెన్రీ వైట్‌హెడ్ ముందు నమ్మలేదు, అది తప్పని రుజువు చేయటానికే ఇల్లిల్లూ తిరిగాడు. తిరిగేకొద్దీ డాక్టరే నిజమని తేలింది. చివరికి మొదట జబ్బుపడిన పసిబిడ్డ ఇల్లు ఆయనకే దొరికింది. ఆ బిడ్డ గుడ్డలుతికిన నీళ్లు పోసిన గుంట బావికి ఆనుకొనే ఉంది. గృహదర్శనాలు చేసే కాపరికి తప్ప ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

మందు విషయంలోనూ మనవాళ్లకు సెలైన్ ఎక్కిస్తేనే వైద్యమన్న నమ్మకం. 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తల్లుల చేతే తాగించాడు. మరణాలు నూటికి నాలుగులోపుకు పడిపోయాయి. అదే ఓఆర్ఎస్. తీపి పానీయాల డబ్బాలకు ఆ పేరు పెట్టి అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి గనుక ఇది చిన్న విజయం కాదు. ఇక రోటావైరస్ టీకా. మనవాళ్లు పెద్ద జబ్బులకు పరుగెత్తే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల దాని పరీక్షల్లో పాలుపంచుకుంది, తయారైంది హైదరాబాద్‌లో, 2016లో ప్రభుత్వం మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. 'ప్రార్థన చేయించాం, టీకా ఎందుకు' అనే విశ్వాసులు మన మధ్య ఇంకా ఉన్నారు. ఎలీషా ప్రార్థించే మనిషే, అయినా కొత్త పాత్రా ఉప్పూ తెప్పించాడు. పాళెములో మలాన్ని మట్టితో కప్పమని ధర్మశాస్త్రం గుంట తవ్వే కర్ర దాకా చెప్పింది (ద్వితీయోపదేశకాండము 23:12,13).

నీళ్లలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అది లైను మొదట్లో కాదు, చివరి కుళాయిలో చూడాలి. పురపాలక సిబ్బంది నిమిషాల్లో చూసి చెప్పగలరు. మన సంఘాల్లో చాలామంది ఇళ్లు ఆ చివరి కుళాయిల దగ్గరే ఉన్నాయి. వచ్చే ప్రేమవిందుకు గుడి ముందు పెట్టే డ్రమ్ము నిండేది కూడా అక్కడినుంచే.